ఆషాఢ అమావాస్య నాడు స్టూడియోలు మూయకండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల ఫోటో స్టూడియో యజమానులకు, ఫోటోగ్రాఫర్లకు, వీడియోగ్రాఫర్లకు బహిరంగ లేఖ



2027 ఆగస్టు 2, సోమవారం. పంచాంగం ప్రకారం ఆషాఢ అమావాస్య. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, అమావాస్య నాడు ఏ శుభకార్యమూ పెట్టుకోరు. కాబట్టి ఆ రోజు మీలో చాలామంది కెమెరాలు బ్యాగుల్లోనే ఉంటాయి. మర్నాడు శ్రావణం మొదలవుతుంది. ముహూర్తాలు వచ్చాయంటే మీకిక ఊపిరి సలపదు. ఆ ఖాళీ రోజు సాయంత్రం పడమటికి వాలుతున్న సూర్యుడికి గ్రహణం పడుతుంది. మన మూడు ఊళ్లలోనూ అది పాక్షికంగా కనిపిస్తుంది. ఆ సాయంత్రం షట్టరు దించి ఇంటికి వెళ్లిపోకుండా, మూడు ఊళ్ల నుంచి, ఒకే సెకనుకు, ఒకే పద్ధతిలో సూర్యుణ్ణి ఫోటో తీయమని మిమ్మల్ని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. అలా తీసిన ఫోటోలు చేతికిస్తే మన బడిపిల్లలు భూమికీ చంద్రుడికీ మధ్య దూరాన్ని తామే లెక్కగట్టగలరు. మీ దగ్గరున్న మామూలు పెళ్లి కెమెరాలకు ఆ సత్తా ఉంది. ఎలాగో లెక్కతో సహా చెబుతాను. ఇందుకు కొనవలసింది కొద్దిగానే ఉంది, ముందుగా చేసి చూసుకోవలసిన పని మాత్రం చాలా ఉంది.

మొదట గ్రహణం సంగతి. సంపూర్ణ గ్రహణం కనిపించే దారి దక్షిణ స్పెయిన్, మొరాకో, ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్, సోమాలియా మీదుగా వచ్చి హిందూ మహాసముద్రంలో ముగుస్తుంది. ఈజిప్టులోని లక్సర్ ప్రాంతంలో సూర్యుడు 6 నిమిషాల 23 సెకన్ల పాటు పూర్తిగా మరుగవుతాడు. ఆ దారి మన దేశం మీదికి రాదు. 2025 జూలైలో, ఆగస్టు 2న ప్రపంచమంతా ఆరు నిమిషాలు చీకటైపోతుందన్న కబురు ఫోన్లలో తిరగడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు అసలు గ్రహణమే లేదు. రెండేళ్ల తర్వాత రాబోయే గ్రహణాన్ని ముందుకు జరిపి, ఈజిప్టు చీకటిని లోకమంతటికీ అంటగట్టారు. 2027 దగ్గరపడేకొద్దీ అదే కబురు మళ్లీ లేస్తుంది. మన ఊళ్లలో చీకటి పడదు. చంద్రుడు సూర్యబింబంలో ఒక ముక్కను కప్పి, కాసేపటికి వదిలేస్తాడు. ఫోటోగ్రాఫరుకు దీనివల్ల ఒక ముఖ్యమైన నియమం ఏర్పడుతుంది. 2024 ఏప్రిల్ 8న అమెరికాలో డాలస్ మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్లింది. అక్కడి మన తెలుగువాళ్లు తీసిన వీడియోల్లో, సూర్యుడు పూర్తిగా మరుగవగానే లెన్సు మీది ఫిల్టరు తీసేయడం చూస్తారు. అక్కడ అది సరైన పనే. ఇక్కడ ఆ పని చేస్తే కెమెరాకూ కంటికీ ప్రమాదం. మనకు ఫిల్టరు తీయదగిన క్షణం అంటూ ఒక్కటి కూడా రాదు. గ్రహణం పట్టినప్పటి నుంచి విడిచేదాకా అది లెన్సు మీదే ఉండాలి.

ఇప్పుడు లెక్క. కుప్పం నుంచి మదనపల్లెకు మ్యాపు మీద గీత గీస్తే అది దాదాపు దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. పొడవు సుమారు 90 కిలోమీటర్లు. సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడంటే, 90 కిలోమీటర్లు అటూ ఇటూ జరిగినా ఆయన ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తాడు. చంద్రుడు సూర్యుడికంటే దాదాపు 400 రెట్లు దగ్గర. అందుకని కుప్పం నుంచి చూసినప్పుడు చంద్రుడు, మదనపల్లె నుంచి చూసినదానికంటే, సూర్యుడి ముందు కొంచెం ఉత్తరానికి జరిగి ఉంటాడు. ఆ జరుగుడు సూర్యబింబం వ్యాసంలో రెండున్నర శాతం. ఈసారి సంపూర్ణ గ్రహణపు దారి మనకు దక్షిణం వైపునే ఉంది కాబట్టి కుప్పంలో సూర్యుడు కాస్త ఎక్కువగా, మదనపల్లెలో కాస్త తక్కువగా మరుగవుతాడు. కంటికి ఈ తేడా ఆనదు, కెమెరాకు ఆనుతుంది. లెన్సు ఫోకల్ లెంగ్తును 109తో భాగిస్తే సెన్సారు మీద పడే సూర్యబింబం వ్యాసం వస్తుంది. పెళ్లిళ్లకు మీరంతా వాడే 70-200 లెన్సును 200 దగ్గర పెడితే బింబం 1.8 మిల్లీమీటర్లు. 24 మెగాపిక్సెల్ క్రాప్ బాడీ మీద అది దాదాపు 470 పిక్సెళ్ల వెడల్పు. అందులో రెండున్నర శాతమంటే పన్నెండు పిక్సెళ్లు. 400 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే తేడా రెట్టింపవుతుంది. పెళ్లికూతురి ముఖం మీద ఒక్క మచ్చను చెరిపేటప్పుడు మీరు అంతకంటే చిన్న వివరంతో పనిచేస్తారు. ఆ పిక్సెళ్లను రేడియన్లలో కోణంగా మార్చుకుని, రెండు ఊళ్ల మధ్య దూరాన్ని ఆ కోణంతో భాగిస్తే చంద్రుడి దూరం వస్తుంది. సూర్యబింబం వ్యాసం ఆ రోజుల్లో అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది కాబట్టి కొలబద్ద కూడా ఫోటోలోనే దొరుకుతుంది. పదో తరగతి త్రికోణమితికి మించిన లెక్క ఇందులో ఏదీ లేదు. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లని పాఠ్యపుస్తకంలో ఉంది. మన పిల్లలకు పది శాతం అటూ ఇటూగా వచ్చినా అది వాళ్లు స్వయంగా కొలిచిన సంఖ్య.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రెండు వేల ఏళ్లకు పైగా వెనక, గ్రీకు ఖగోళ శాస్త్రజ్ఞుడు హిప్పార్కస్ ఇదే దారిలో చంద్రుడి దూరాన్ని అంచనా వేశాడు. నేటి టర్కీలోని డార్డనెల్స్ జలసంధి దగ్గర సంపూర్ణంగా కనిపించిన గ్రహణం అలెగ్జాండ్రియాలో అయిదింట నాలుగు వంతులే కనిపించిందన్న వార్త ఒక్కటే అతనికి దొరికిన ఆధారం. కెమెరా లేదు, గడియారం లేదు. మన దగ్గర రెండూ ఉన్నాయి.

గ్రహణాన్ని ఫోటో తీయడానికి ముందస్తు తయారీ ఎంత అవసరమో తెలుగు నేల మీదే ఒకసారి గొప్పగా రుజువైంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరం మీదుగా వెళ్లింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్, బ్రిటిష్ ప్రభుత్వం తరఫున మేజర్ టెన్నెంట్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లారు. అది కూడా ఆగస్టే, నైరుతి మబ్బుల కాలమే. అందరూ ఒకేచోట చేరితే ఒక్క మబ్బు అందరి శ్రమనూ మింగేస్తుంది. అనేక చోట్ల సర్దుకున్నారు కాబట్టి ఆ ప్రమాదం తగ్గింది. టెన్నెంట్ బృందం ఫోటోలు తీసింది తడి కొలోడియన్ ప్లేట్ల మీద. గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరకముందే కెమెరాలో పెట్టి, వెలుగు తగిలించి, ఆరకముందే చీకటి గుడారంలో కడగాలి. అయిదు నిమిషాలకు పైగా సాగిన సంపూర్ణ గ్రహణంలో వాళ్లకు దక్కినవి ఆరు ప్లేట్లు. ఆ ఆరింటి కోసం నెలల తరబడి సాధన చేశారు. అప్పుడు వర్ణపటంలో కనిపించిన పసుపుపచ్చ గీతే తర్వాత హీలియం అనే మూలకాన్ని పట్టిచ్చింది. ఇవాళ మీ కెమెరా ఒక్క సెకనులో ఆరు ఫోటోలు తీస్తుంది. ఆ వేగం చూసి తయారీ అక్కర్లేదనుకుంటే మాత్రం ఆ రోజు చేతికి ఏమీ చిక్కదు. మాంగల్యధారణను రెండోసారి చేయించి ఫోటో తీయలేమని మీకు తెలుసు, అందుకే ఆ క్షణానికి ముందే బ్యాటరీ, కార్డు, ఫ్లాషు సరిచూసుకుంటారు. గ్రహణానికి కావలసిన జాగ్రత్త కూడా ఆ కోవకు చెందినదే.

అన్నిటికంటే ముందు ఫిల్టరు. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాటుకు మూల్యం కన్ను. అవుట్‌డోర్ షూటింగుల్లో మీరు వాడే ఎన్‌డీ ఫిల్టర్లలో చీకటిది ఎన్‌డీ వెయ్యి. అది వెలుగును వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. సూర్యుడికి లక్షో వంతుకు తగ్గించేది కావాలి. ఆప్టికల్ డెన్సిటీ 5 అని రాసి ఉండే సోలార్ ఫిల్మ్ ఆ పని చేస్తుంది. మెరిసే పల్చని రేకులా ఉంటుంది, షీటుగా దొరుకుతుంది, ఒక్క షీటులో రెండు మూడు లెన్సులకు సరిపడా ముక్కలు వస్తాయి. 3.8 డెన్సిటీ అని అమ్మే ఫిల్మ్ కూడా ఉంది. అది కెమెరాకు మాత్రమే, కంటితో చూడటానికి పనికిరాదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మన మూడు ఊళ్లలో 5 తప్ప ఇంకోటి కొనవద్దని ముందే అనుకుంటే మంచిది. మామూలు ఎన్‌డీ ఫిల్టర్లను ఒకదాని మీద ఒకటి బిగిస్తే సరిపోదా అంటారు. వెలుగు తగ్గుతుందేమో గానీ, కంటికి కనిపించని పరారుణ కిరణాలను అవి చాలావరకు వదిలేస్తాయి. ఎక్స్‌రే ఫిల్ములు, పాత కలర్ నెగటివ్‌లు, మసిపట్టిన గాజు, సీడీలు, పసుపు నీళ్ల పళ్లెం, వీటిలో ఏదీ భద్రం కాదు. వెల్డింగు అద్దాల్లో 14వ నంబరుది కంటికి పనికొస్తుంది, అంతకంటే తక్కువవి వద్దు. కంటి రెటీనాకు నొప్పి తెలియదు. కాలిన సంగతి కొన్ని గంటలు గడిచాక చూపు మసకబారితే గానీ తెలియదు.

ఫిల్టరు ఎప్పుడూ లెన్సు ముందు భాగానే ఉండాలి, కంటి దగ్గర కాదు. గ్రహణం కళ్లజోడు పెట్టుకుని వ్యూఫైండరులోకి చూడటం అందరికీ తట్టే ఉపాయం, ఎంతో ప్రమాదకరం కూడా. లెన్సు ఒకచోటికి పోగుచేసిన ఎండ కళ్లజోడు ఫిల్మును క్షణంలో కాల్చేస్తుంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్లు వ్యూఫైండరు మీద నల్ల టేపు అంటించి లైవ్ వ్యూలోనే పనిచేయండి. ఫిల్టరును ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. లెన్సు హుడ్డు చుట్టూ బిగుతుగా దిగేలా అట్టతో గొట్టం చుట్టి, రెండు అట్ట చక్రాల మధ్య ఫిల్మును వదులుగా అంటించాలి. ఫిల్మును సాగదీయకూడదు. ముడతలు పడ్డా ఫోటో చెడదు, సాగదీస్తే చెడుతుంది. అంటించాక బల్బు వెలుగుకెత్తి పట్టుకుని సూదిమొనంత చిల్లు కూడా లేదని చూసుకోవాలి. ఆషాఢం గాలి ఎలా వీస్తుందో మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అట్ట గొట్టం ఊడిపోకుండా చుట్టూ టేపు వేసి, ట్రైపాడ్ కింద బరువైన సంచి వేలాడదీయండి. ట్రైపాడ్ మీద ఉన్నంతసేపూ లెన్సులోని స్టెబిలైజేషన్ ఆపేయండి.

ఫోకస్ ఆటోలో వదిలేస్తే లెన్సు నీలాకాశంలో వెతుక్కుంటూ ఉండిపోతుంది. మ్యాన్యువల్‌లో పెట్టి, స్క్రీను మీద బింబాన్ని పదింతలు పెద్దది చేసుకుని, సూర్యుడి అంచు కత్తిరించినట్టు కనపడేదాకా తిప్పి, రింగు కదలకుండా టేపు వేయాలి. సూర్యుడి మీద మచ్చ కనిపిస్తే దాని మీద పెట్టుకోవడం ఇంకా మంచిది. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్ 8, షట్టరు సెకనులో అయిదువందో వంతు దగ్గర మొదలుపెట్టి రెండు మూడు రకాలుగా తీసి చూస్తే మీ ఫిల్టరుకు ఏది నప్పుతుందో తెలిసిపోతుంది. కొలత కోసం తీసే ఫోటో కాస్త చీకటిగా ఉన్నా ఫరవాలేదు. వెలుగెక్కువైతే బింబం అంచు ఉబ్బి లెక్క తప్పుతుంది. సాయంత్రం సూర్యుడు కిందికి దిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది కాబట్టి మధ్యలో సరిచూసుకుంటూ ఉండాలి. రా ఫైళ్లే తీయండి. ఇవన్నీ గ్రహణం కోసం ఎదురుచూడక్కర్లేకుండా, ఫిల్టరు చేతికొచ్చిన మర్నాడు ఎండ కాసిన ఏ సాయంత్రమైనా చేసి చూసుకోవచ్చు.

నా దృష్టిలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది కెమెరా గడియారం. దాన్ని కొన్నప్పుడు ఒకసారి పెట్టి మరిచిపోతారు. కొన్ని కెమెరాలు నిమిషాల తేడాతో నడుస్తుంటాయి. ఆల్బమ్ డిజైనుకు దానివల్ల నష్టం లేదు. ఇక్కడ మాత్రం చంద్రుడు సూర్యుడి ముందు కదులుతూనే ఉంటాడు. 200 లెన్సుతో తీసినా నిమిషంలో అతని అంచు ఏడెనిమిది పిక్సెళ్లు జరుగుతుంది. కుప్పం కెమెరాకూ మదనపల్లె కెమెరాకూ ఒక్క నిమిషం తేడా ఉంటే మనం కొలవదలచుకున్న పన్నెండు పిక్సెళ్లకు అర్థమే పోతుంది. అందుకని ఆ మధ్యాహ్నం గడియారం సరిచేసుకోవడంతో పాటు, సెకన్లు చూపించే ఫోను గడియారాన్ని ప్రతి కెమెరాతో ఒకసారి ఫోటో తీసి ఉంచండి, గ్రహణం అయ్యాక మళ్లీ తీయండి. తేడా ఎంతున్నా తర్వాత సరిచేయవచ్చు. గ్రహణం పట్టింది మొదలు విడిచేదాకా ప్రతి అయిదో నిమిషం సరిగ్గా సున్నా సెకను దగ్గర మూడు ఊళ్లలోనూ అయిదు ఫోటోలు వరసగా తీయాలి. అయిదు ఎందుకంటే, సూర్యుడు దిగువన ఉన్నప్పుడు గాలి తెరల వల్ల అంచు అలలాడుతుంది, కొన్నిటి సగటు తీస్తే ఆ కదలిక చాలావరకు పోతుంది. ఇంకొక్క చిట్కా. రెండు ఊళ్ల ఫోటోలను ఒకదాని మీద ఒకటి పరచాలంటే రెండింటిలోనూ దిక్కులు తెలియాలి. ట్రైపాడ్ కదల్చకుండా నిమిషం ఆగి ఇంకో ఫోటో తీస్తే సూర్యుడు ఫ్రేములో తన వ్యాసంలో సగం దూరం జరుగుతాడు. ఆ జరిగిన దిక్కే పడమర.

మీలో కొందరికి ఈపాటికే ఒక సందేహం వచ్చి ఉంటుంది. నాసా వాళ్లు, పెద్ద పెద్ద అబ్జర్వేటరీలు తీసే ఫోటోల ముందు మదనపల్లె స్టూడియో ఫోటో ఎందుకు? అందం మాటైతే పోటీ లేదు, ఒప్పుకుంటాను. అయితే మనకు కావలసిన కొలతకు మన ఊరి అక్షాంశం నుంచి తీసిన ఫోటోనే కావాలి. లక్సర్‌లో ఎంత గొప్ప టెలిస్కోపు పెట్టినా కుప్పానికీ మదనపల్లెకూ ఉన్న తేడాను అది చూపించలేదు. సాదా ఫోటోలకు విలువ ఎక్కడి నుంచి వస్తుందో కొడైకెనాల్ అబ్జర్వేటరీని చూస్తే తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ల నుంచి అక్కడ రోజూ సూర్యుణ్ణి ఫోటో తీస్తూ వచ్చారు. ఏ ఒక్క ప్లేటూ అద్భుతం కాదు. ఒకే పద్ధతిలో, తేదీ వేళలతో, వందేళ్లకు పైగా పేరుకున్నాయి కాబట్టి సూర్యుడి స్వభావం తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇవాళ వాటిని వెతుక్కుంటూ వస్తున్నారు. కుప్పం నుంచి చూస్తే కావలూరు వేణు బప్పు అబ్జర్వేటరీ కూడా పక్క కొండల్లోనే ఉంది. ఆ పేరు గల శాస్త్రవేత్త హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదువుకున్నవాడు. ఆకాశం మనకు దూరపు విషయమనుకోవడానికి ఈ ప్రాంతంలో కారణమే లేదు.

రెండో అభ్యంతరం ఆచారం వైపు నుంచి వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. గ్రహణ స్నానం, జపం, ఉపవాసం పాటించేవారు నిక్షేపంగా పాటించుకోవచ్చు. ఫోటో తీయడం వాటికి అడ్డు రాదు. ఇంట్లోంచి కాలు బయటపెట్టడమే దోషమనేవారికి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాయే జవాబు చెబుతుంది. గ్రహణవేళ తిరుమల ఆలయం తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తి ఆలయం తలుపులు తెరిచే ఉంచుతారు, జనం వెళ్లి పూజలు చేయించుకుంటారు. ఒకే నేల మీద, ఒకే భక్తి లోపల రెండు సంప్రదాయాలున్నప్పుడు గ్రహణవేళ బయటికి రావడమే అపచారమని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. వనపర్తి వెళ్లిన రఘునాథాచారి స్వయంగా పంచాంగకర్త. పంచాంగాన్ని ఆకాశంలో చూసిన దాంతో సరిపోల్చి దిద్దుకోవాలని పట్టుబట్టిన మనిషి. గ్రహణం చూడటం ఆయన శ్రద్ధకు అడ్డు రాలేదు. ఇక గ్రహణం మొర్రి భయం. పెదవి రూపుదిద్దుకునేది గర్భం తొలి వారాల్లో, నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. అప్పుడు ఏర్పడే లోపానికి జన్యువులు, ఇతర కారణాలు ఉన్నాయని వైద్యం చెబుతుంది, సూర్యుడి నీడకు అందులో పాత్ర లేదు. అయినా గర్భిణులెవరూ ఇష్టం లేకుండా బయటికి రావాలని ఎవరూ అనరు. భయపెట్టి లోపల కూర్చోబెట్టడం మాత్రం మానుకోవాలి. 1980 ఫిబ్రవరి 16న తెలంగాణ మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్లినప్పుడు జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు పరికరాలతో సిద్ధంగా ఉంటే, దేశంలో చాలా ఊళ్ల వీధులు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ అయ్యాయి. అంత అరుదైన దృశ్యాన్ని ఒక తరం పిల్లలు తలుపుల వెనక పోగొట్టుకున్నారు.

ఆచారాల విషయంలో మీ వీడియో కెమెరా ఇంకో మేలు చేయగలదు. పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు, గ్రహణం పట్టింది కాబట్టే నిలబడిందంటారు. దాన్ని జులైలో ఏదో ఒక మామూలు రోజున వీడియో తీయండి, గ్రహణం రోజున తీయండి, మర్నాడూ తీయండి. అడుగు చదునుగా ఉన్న రోకలి మూడు రోజులూ నిలబడుతుంది. ఎవరినీ నొప్పించకుండా, వాదించకుండా ఆ మూడు క్లిప్పులు పక్కపక్కన పెడితే చాలు.

ఖర్చు గురించి అడిగేవారికి ఒకటే మాట. లెన్సుకు పెట్టిన డబ్బుతో పోలిస్తే ఫిల్టరు షీటు ఖరీదు లెక్కలోకి రాదు. ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కుంటే ఇంకా తేలిక. ఆఖరి వారంలో కొందామంటే దొరకదు, దొరికినా నకిలీ అంటగడతారు. మే నెలాఖరుకల్లా తెప్పించుకోవాలి. మబ్బు సంగతి మాత్రం కష్టమైన ప్రశ్నే. ఆగస్టు మొదట్లో ఆకాశం తేటగా ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అందుకే మూడు ఊళ్లు కావాలంటున్నాను. పుంగనూరు మదనపల్లెకు ఇరవై కిలోమీటర్ల దగ్గరే. మదనపల్లెలో మబ్బు పట్టి పుంగనూరులో విడిచినా కుప్పంతో జత కుదురుతుంది, లెక్క పోదు. మూడు చోట్లా తేటగా ఉంటే పుంగనూరు ఇంకా పెద్ద పని చేస్తుంది. అక్కడి జరుగుడు మిగతా రెండింటి మధ్యలో, దూరానికి తగ్గ నిష్పత్తిలో రావాలి. రాకపోతే ఎక్కడో పొరపాటు జరిగిందని అదే చెబుతుంది. పలచటి మబ్బు తెర కమ్మినప్పుడు బింబం మసకగా కనిపించి, ఫిల్టరు తీసి తీద్దామన్న కోరిక పుడుతుంది. తీయకండి. మబ్బు కదిలిన మరుక్షణం పూర్తి ఎండ లెన్సులోకి దూకుతుంది. షట్టరు సమయం పెంచండి, లేదా ఐఎస్ఓ పెంచండి.

సూర్యుడి మీద ఒక కెమెరా, జనం మీద ఇంకో కెమెరా ఉండాలని నా అభిప్రాయం. వీడియోగ్రాఫర్లకు ఆ రోజు అసలైన పని అక్కడుంది. సోమవారం కాబట్టి బడి ఉంటుంది. సూర్యుడు పడమట వాలి ఉంటాడు కాబట్టి చెట్ల ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు నేల మీద కంటే, చెట్టుకు తూర్పున పడమటి ముఖంగా ఉన్న గోడల మీద బాగా కనిపిస్తాయి. గ్రహణం ముదిరేకొద్దీ ఆ చుక్కల్లో ప్రతిదానికీ ఒక పక్క కొరికినట్టు సొట్ట పడుతుంది. చింతచెట్టో కానుగచెట్టో ఎదురుగా ఉన్న తెల్లగోడను ముందే చూసి పెట్టుకోండి. చెట్టు లేకపోతే బూందీ గరిటె చాలు. దాని నీడలో పదుల కొద్దీ గ్రహణాలు వరసగా పడతాయి. ఒక పిల్ల ఆ గరిటె పట్టుకుని తన తోటిపిల్ల యూనిఫాం చొక్కా మీద ఆ బొమ్మలు వేస్తుంటే తీసిన అర నిమిషం వీడియో, నా లెక్కలో, ఎంత దగ్గరగా తీసిన సూర్యుడి ఫోటోకైనా తీసిపోదు. దానికి ఫిల్టరు అక్కర్లేదు, ఎవరూ సూర్యుణ్ణి చూడనక్కర్లేదు.

మీరు తీసినవి మీ హార్డ్ డిస్కుల్లో పెళ్లి ఫోల్డర్ల మధ్య తప్పిపోకుండా చూడటం గురించి ఇప్పటి నుంచే ఆలోచించాలి. ప్రతి ఊళ్లోనూ ఒక కాలేజీ ఫిజిక్స్ విభాగాన్నీ, ఒకటి రెండు ఉన్నత పాఠశాలల లెక్కల మాస్టార్లనూ కలుపుకుని, రా ఫైళ్లు, గడియారం ఫోటోలు, కెమెరా పెట్టిన చోటు అక్షాంశ రేఖాంశాలు, లెన్సు వివరం ఒకే ఫోల్డర్లో వాళ్లకు అందించండి. మూడు ఊళ్ల ఫైళ్లు ఒకచోట చేరితే ఆ వారంలోనే పిల్లలు కొలత పూర్తి చేయగలరు. ఈ శ్రమ ఒక్క సాయంత్రంతో అయిపోదు. 2031 మే 21న కంకణాకార సూర్యగ్రహణం కేరళ, దక్షిణ తమిళనాడు మీదుగా వెళ్తుంది. మదురై దాని దారిలో ఉంది. మన మూడు ఊళ్లలో అది పాక్షికమే అయినా, 2027 కంటే చాలా లోతుగా పడుతుంది. అది నడివేసవి మధ్యాహ్నం, సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. మామూలు ట్రైపాడ్ తల అంత పైకి తిరగదు, స్క్రీను చూడాలంటే నేల మీద పడుకోవాలి, ఎండకు కెమెరా వేడెక్కి ఆగిపోతుంది. ఆ తిప్పలకు విరుగుడు వెతకాలంటే ముందు 2027లో తేలిగ్గా ఉన్న సూర్యుడితో చేయి తిరగాలి.

ఈ లేఖ చదివినవారిలో ప్రతి ఊరి నుంచి ఇద్దరు ముందుకొస్తే పని మొదలవుతుంది. మే నెలాఖరుకు ఫిల్టర్లు తెప్పించుకుని, జూన్‌లో ఎవరి మేడ మీద వాళ్లు ఒక సాయంత్రం సాధన చేసి, ఆషాఢం మొదటి ఆదివారం పుంగనూరులో అందరూ కలిసి మూడు కెమెరాల గడియారాలు, మూడు ఫిల్టర్లు పక్కపక్కన పెట్టి సరిచూసుకుందాం. పుంగనూరు ఎందుకంటే అది మధ్యలో ఉంది, మదనపల్లె వాళ్లకు దగ్గర, కుప్పం వాళ్లు ఒక్క పూటలో వచ్చి వెళ్లగలరు. వచ్చేటప్పుడు మీ బడి మాస్టారినొకరిని వెంటబెట్టుకుని రండి.

నమస్కారాలతో,
మీ ప్రాంతపు ఖగోళ శాస్త్ర అభిమాని